చుక్క తర్వాత ఎంత నిండాలి? ఏడో తరగతి దశాంశాల మీద ఒక కేస్ స్టడీ

ఏడో తరగతికి వచ్చిన పిల్లల్ని 2.5 పెద్దదా, 2.35 పెద్దదా అని అడిగితే తడుముకోకుండా 2.35 అనేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. "ఐదు కన్న ముప్పై ఐదు పెద్దది గద సార్" అని కారణం కూడా చెబుతారు. వీళ్లలో చాలామంది పొద్దున్నే పాల కేంద్రంలో రెండున్నర లీటర్లు పోసి, చీటీ మీద 2.5 సరిగ్గా పడిందో లేదో చూసుకుని బడికి వచ్చేవాళ్లే. అక్కడ పావు లీటరు తేడా వచ్చినా ఊరుకోరు. కానీ చీటీ మీది 2.5, నోటుబుక్కులోని 2.5 ఒకటేనని వాళ్లకు తట్టదు. ఈ రెంటినీ కలపడానికి తరగతిలో ఏం చేశాం, ఎందుకు అలాగే చేశాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. దశాంశాలు చెప్పే తోటి టీచర్లకు పనికొస్తుందని నా ఆశ.

మాది హనుమకొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. నేను గణితం చెబుతాను. చుట్టూ పత్తి, వరి, మక్క. చాలా ఇళ్లల్లో ఒకటో రెండో బర్రెలు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిష్‌లో ఉంటోంది. పిల్లలు సంఖ్యల్ని ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చదువుతారు. 2.35ని "టూ పాయింట్ థర్టీ ఫైవ్" అంటారు. అలా చదివినప్పుడు చుక్కకు కుడివైపున ముప్పై ఐదు అనే పూర్తి సంఖ్య ఒకటి కూర్చున్నట్టు వినిపిస్తుంది. "టూ పాయింట్ త్రీ ఫైవ్" అని చదివించడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టాను. దానివల్ల కొంత మేలు జరిగింది. అసలు చిక్కు మాత్రం ఇంకా లోపల ఉంది.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. సబ్జెక్టు గట్టిగా ఉంటే చాలు, పాఠం దానంతటదే వస్తుందని కొందరంటారు. పాఠం క్రియేటివ్‌గా ఉండాలి, పాటలు, ఆటలు, మంచి టీఎల్ఎం (బోధన సామగ్రి) ఉండాలని ఇంకొందరు. 1986లో లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యావేత్త ఈ రెంటి మధ్య ఉన్న జ్ఞానం గురించి రాశారు. ఈ విషయంలో పిల్లలు ఎక్కడ తడబడతారు, వాళ్లకు ఏ ఉదాహరణ పట్టుబడుతుంది, ఏ ఉదాహరణ దారి తప్పిస్తుంది అన్న ఎరుక టీచర్‌కు ప్రత్యేకంగా ఉండాల్సిన జ్ఞానమని ఆయన వాదన. నా అనుభవంలో ఇది పూర్తిగా నిజం. టీచర్ సృజన రంగు కాగితాల్లో కన్నా బోర్డు మీద ఏ రెండు సంఖ్యలు పక్కపక్కన రాస్తున్నాడన్న దాంట్లోనే ఎక్కువ కనిపిస్తుంది.

మూడు కట్టలు

పాఠం మొదలుపెట్టక ముందే ఒక చిన్న చీటీ ఇచ్చాను. ప్రతి జతలో పెద్ద సంఖ్యకు సున్నా చుట్టాలి, సమానమైతే మధ్యలో బరాబర్ గుర్తు పెట్టాలి. జతలు ఇవి: 2.5, 2.35; 3.47, 3.2; 4.08, 4.7; 0.3, 0.35; 6.3, 6.30; చివరగా 1.45, 1.4502.

ఈ సంఖ్యలు ఏవో తోచినవి రాసినవి కావు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్‌లే దశాంశాల పోలిక మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పిల్లల తప్పులు గుడ్డిగా రావు, ప్రతి తప్పు వెనకా ఒక పద్ధతి ఉంటుందని వాళ్ల పని చూపించింది. ఆ పద్ధతి బయటపడేలా జతలు కూర్చుకోవాలి. "అంకెలు ఎక్కువుంటే పెద్దది" అనుకునే పిల్ల మొదటి జతలో 2.35కి సున్నా చుడుతుంది. రెండో జతలో 3.47కి చుడుతుంది, అది సరైన జవాబే. 4.08లో చుక్క తర్వాత ఎనిమిది ఉంది, 4.7లో ఏడే ఉంది కాబట్టి 4.08 అంటుంది. 0.35 మళ్లీ సరైనదే. 6.3 కన్నా 6.30 పెద్దదంటుంది. దీనికి పూర్తిగా ఎదురుగా ఆలోచించే పిల్లలు కొద్దిమంది ఉంటారు. పదో వంతు పెద్దది, వందో వంతు చిన్నది అని భిన్నాల్లో నేర్చుకున్నారు కాబట్టి అంకెలు తక్కువున్నదే పెద్దదంటారు. వాళ్లకు 2.5, 4.7 కుదురుతాయి, 3.47 దగ్గర, 0.35 దగ్గర తప్పుతుంది.

మొదటి ఐదు జతల్లో ఈ రెండు రకాల పిల్లలకూ రెండేసి మార్కులే వస్తాయి. కానీ ఒకరు సరిగ్గా రాసినవి రెండోవారు తప్పు రాసినవి. మార్కుల రిజిస్టరులో ఇద్దరూ ఒకటే, అవసరమైన పాఠాలు మాత్రం వేర్వేరు. అందుకే పేపర్లు దిద్ది మార్కులు వేయకుండా ఆలోచనను బట్టి కట్టలు కట్టాను. పెద్ద కట్ట "అంకెలు ఎక్కువుంటే పెద్దది" వాళ్లది. చిన్న కట్ట "తక్కువుంటే పెద్దది" వాళ్లది. మూడో కట్టలో బాగా చదువుతారని పేరున్న పిల్లలున్నారు. మొదటి ఐదూ సరిగ్గానే చేసి, 1.45, 1.4502 సమానమని రాశారు. ఎందుకని అడిగితే "పైసలు రెండంకెలే ఉంటయి గద సార్" అన్నారు. వాళ్లు దశాంశాల్ని రూపాయి పైసలుగా చూస్తున్నారు. మన తరగతుల్లో దశాంశానికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రూపాయి పైసలే. అది రెండంకెల దగ్గర ఆగిపోతుంది. పైగా 2011 జూన్ 30 తర్వాత పావలా చెల్లుబాటు కూడా పోయింది. ఈ పిల్లలు చేత్తో పట్టుకోని నాణెంతో లెక్క చెప్పడం కష్టం.

పాఠ్యపుస్తకంలోని అభ్యాసాల్లో, గైడ్లలో ఎక్కువగా అంకెలు సమానంగా ఉన్న జతలే దొరుకుతాయి. 2.45, 2.54 లాంటివి. వీటిలో ఈ మూడు కట్టలవాళ్లూ పాసవుతారు. అందుకే ఈ తప్పు తొమ్మిదో తరగతి దాకా ఎవరి కంటా పడకుండా నడిచి వస్తుంది.

బోర్డు మీద నాలుగు చుక్కలు

పిల్లల తలలోకి ఈ ఆలోచన ఎలా వచ్చిందని వెతికితే కారణం వాళ్ల చుట్టూనే ఉంది. వాళ్ల బతుకులో చుక్క చాలా చోట్ల కనిపిస్తుంది, దాదాపు ప్రతిచోటా అది రెండు వేర్వేరు కొలతల మధ్య గోడలాగే ఉంటుంది. క్రికెట్‌లో 4.5 ఓవర్లంటే నాలుగు ఓవర్లు, ఐదు బంతులు. టైము 9.50 అంటే తొమ్మిది గంటల యాభై నిమిషాలు. పట్టాదారు పాసుపుస్తకంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఆంధ్రలో ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి అక్కడి పిల్లలకు భూమి లెక్క దశాంశాలకు దగ్గరగా ఉంటుంది. మన దగ్గర ఎకరానికి నలభై గుంటలు. పిల్లలు చుక్కకు కుడివైపు వేరే సంఖ్య ఉందనుకోవడం తెలివితక్కువతనం కాదు. వాళ్లు చూసిన చుక్కల్లో ఎక్కువభాగానికి అది నిజం కూడా.

ఈ సంగతి తెలిశాక "మీరనుకునేది తప్పు" అని మొదలుపెట్టడం అన్యాయం అనిపించింది. వాళ్లకు తెలిసిన చుక్కలన్నింటినీ తరగతిలోకి పిలిచాను. బోర్డు మీద నాలుగు రాశాను: 4.5 ఓవర్లు, 9.50 టైము, 2.39 ఎకరాలు, 2.9 లీటర్లు. ఒక్కొక్కదానికీ "ఇంకొకటి కలిపితే ఎంత?" అన్నాను.

మొదటి మూడూ గడగడా చెప్పేశారు. ఇంకో బంతి వేస్తే 5 ఓవర్లు. ఇంకో నిమిషమైతే 9.51. ఇంకో గుంట కలిస్తే మూడెకరాలు, "నలభై నిండితెనే ఎకరం" అని ఒక పిల్లాడు వివరించాడు కూడా. పాల దగ్గరికొచ్చేసరికి తరగతి ఆగింది. 2.10 అని కొందరు, 3 అని కొందరు. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది: "ఇంకొకటంటే ఏంది సార్? ఏది ఇంకొకటి?"

నాకు కావలసిన ప్రశ్న అదే. బంతి అంటే బంతే, అంతకన్నా చిన్నది లేదు. 4.53 ఓవర్లు అనే మాటకు అర్థమే లేదు. మా బోర్డు మీద గుంట దగ్గర, నిమిషం దగ్గర ఈ రాత ఆగిపోతుంది. లీటరు దగ్గర మాత్రం "ఇంకొకటి" ఏదని ముందు చెప్పాలి. పదో వంతు కలిపితే 3. వందో వంతు కలిపితే 2.91. వెయ్యో వంతు కలిపితే 2.901. మిగతా మూడు చుక్కల వెనక ఒక్క గదే ఉంది. దశాంశ బిందువు వెనక గదులు ఎన్ని కావాలంటే అన్ని, ప్రతి గదీ ముందు గదిలో పదో వంతు. ఆరోజు నుంచి తరగతిలో ఎవరు ఏ చుక్క రాసినా పక్కవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటే అని పెట్టుకున్నాం: "చుక్క తర్వాత ఎంత నిండితే ఒకటైతది?" ఓవర్లకు ఆరు, గుంటలకు నలభై, నిమిషాలకు అరవై. ఒక పిల్లాడు ఇంటికి వెళ్లి తాతను అడిగి, పాత రూపాయికి పదహారు అణాలని తెచ్చాడు. 1957 ఏప్రిల్ 1 నుంచే మన దేశంలో రూపాయికి నూరు పైసలయ్యాయని, మొదట్లో వాటిని నయా పైసలు అనేవారని చెప్పాను. అతనికి కుతూహలంగానే ఉంది కానీ పాఠానికి అంతకుమించి పని లేదు, ముందుకు వెళ్లాం.

గుంటల లెక్కే మలుపు తిప్పింది. తెలంగాణ రైతు భరోసా పథకం కింద ఒక సీజనుకు ఎకరానికి 6,000 రూపాయలు. రెండెకరాల ఇరవై గుంటలున్న రైతుకు ఎంత వస్తుందని అడిగాను. సగం మంది 6,000ని 2.20తో గుణించి 13,200 అని తేల్చారు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "మాకు గంతనే భూమి సార్, మా నాయిన ఖాతల పదిహేను వేలు పడ్డయి" అంది. 1,800 ఎక్కడికి పోయాయని వాళ్లలో వాళ్లే వెతుక్కున్నారు. ఇరవై గుంటలంటే అర ఎకరం, అంటే రెండున్నర ఎకరాలు, అంటే 2.5. దాన్ని 6,000తో గుణిస్తే 15,000. పాసుపుస్తకంలో 2.20 ఉన్న భూమి లెక్కల పుస్తకంలో 2.5.

వెంటనే గుంటల్ని దశాంశాల్లోకి మార్చే పట్టిక వేశాం. 20 గుంటలు 0.5 ఎకరం. 10 గుంటలు 0.25. 30 గుంటలు 0.75. 4 గుంటలు 0.1. ఒక్క గుంట 0.025. ఈ చివరి రెండింటి కోసమే పట్టిక వేయించాను. 0.1 పెద్దదా, 0.025 పెద్దదా అని విడిగా అడిగితే పెద్ద కట్టలోని పిల్లలు 0.025 అనేవాళ్లు. ఇప్పుడు ఒకటి నాలుగు గుంటలు, రెండోది ఒక గుంట. ఒక గుంట నాలుగు గుంటల కన్నా పెద్దదని రైతు ఇంటి పిల్ల ఎవరూ అనదు. మూడంకెలున్న సంఖ్య ఒకంకె సంఖ్య కన్నా చిన్నదని తరగతి తనంతట తానే ఒప్పుకుంది. నేను ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు.

ఈ సంఖ్యలు ఎన్నుకోవడానికి నలభైలో ఒకటో వంతు సరిగ్గా 0.025 అవుతుందని, నాలుగు గుంటలు ఒక పదో వంతు అవుతుందని తెలిసుండాలి. అది గణితం. ఈ ఊరి పిల్లలకు గుంట కళ్లకు కట్టినట్టు తెలుసని కూడా తెలిసుండాలి. రెండింటిలో ఏది లేకపోయినా ఈ ఉదాహరణ పుట్టదు.

గుండ్రాలు, డ్రిప్ పైపు ముక్కలు

యూరప్‌లో దశాంశాలను ప్రచారంలోకి తెచ్చింది ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ నగరానికి చెందిన సైమన్ స్టెవిన్. 1585లో ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి, భూమి కొలిచేవాళ్లకు, బట్ట కొలిచేవాళ్లకు, వ్యాపారులకు ఇది పనికొస్తుందని చెప్పాడు. అంతకు ముందే, పదిహేనో శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ అనే గణితజ్ఞుడు దశాంశాలతో లెక్కలు చేశాడు. స్టెవిన్ రాతలో చుక్క లేదు. ప్రతి అంకె వెంట ఒక గుండ్రం, ఆ గుండ్రంలో స్థానం సంఖ్య. మన 2.35ని అతని పద్ధతిలో 2⓪3①5② అని రాయాలి. ఈ పాత రాతను కొన్ని రోజులు తరగతిలో అచ్చంగా వాడాం. 2.5 అంటే 2⓪5①. ఇక పోల్చడం సులువు: ఒకే గుండ్రం ఉన్నవాటినే పోల్చాలి, గుండ్రంలో చిన్న సంఖ్య ఉన్నచోటి నుంచి మొదలుపెట్టాలి. 5① ముందు 3① చిన్నదని తేలిపోతుంది, 5② దాకా వెళ్లనవసరం లేదు. 4.08 దగ్గర దీని బలం కనిపించింది. 4⓪0①8② అని రాసిన తర్వాత ఎనిమిది ఎక్కడిదో దాచడానికి వీల్లేదు. ఓవర్లు ఈ పద్ధతిలో రాయమంటే ఒక పిల్లాడు, "రాదు సార్, గీ ఐదుకు ఒకటి గుండ్రం పెట్టొద్దు, ఆరుకే నిండుతది" అన్నాడు.

ఇక చేత్తో పట్టుకునే వస్తువు. దశాంశాలకు పొడవు మంచి నమూనా. ఘనాల దిమ్మెలు వాడితే ప్రాథమిక తరగతుల్లో ఒకట్లు, పదులు, వందలుగా వాడిన దిమ్మెలకే కొత్త విలువలు చెప్పాల్సి వస్తుంది, పిల్లలు తికమక పడతారు. మాకు పొలాల్లో తీసేసిన పాత డ్రిప్ లేటరల్ పైపు (మొక్కలకు నీళ్లిచ్చే సన్న పైపు) దొరికింది. చుట్టలోంచి తీసిన పైపు వంకర తిరుగుతుంది. ఎండలో పరిచి, రెండు చివర్లా రాళ్లు పెడితే కాస్త తిన్నబడుతుంది. మీటరు ముక్క ఒకటి, పది సెంటీమీటర్ల ముక్కలు, సెంటీమీటరు ముక్కలు హాక్సా బ్లేడుతో కోశాం. కోసేటప్పుడు పిల్లలు పడిన గొడవ పాఠంలో భాగమే. పది సెంటీమీటర్ల ముక్కలు పదీ వరసగా పెడితే మీటరు కన్నా కొంచెం తక్కువ వచ్చింది. బ్లేడు మందం ఎంత తినేసిందో కొలవాలని వాళ్లే అన్నారు. కోత దగ్గర పోయేది మిల్లీమీటర్లలో ఉంటుంది, అంటే మీటరులో వెయ్యో వంతులు. ఇవి పైపులో కోయలేం. స్కేలు మీద మిల్లీమీటరు గీత చూపించాను, ఆ ఒక్క గీత 0.001 అని అక్కడే అర్థమైంది.

0.5 అంటే పది సెంటీమీటర్ల ముక్కలు ఐదు వరసగా. 0.35 అంటే మూడు పెద్ద ముక్కలు, ఐదు చిన్న ముక్కలు. రెండూ నేల మీద పక్కపక్కన పరిచి చూస్తే వాదన ఉండదు. నేల మీద పరచకముందే ఏది పొడవో ఊహించి చేయెత్తాలన్న నియమం పెట్టాను. ఊహ లేకుండా చూసినది గుర్తుండదు.

సున్నా అతికించే చిట్కా

దశాంశాలు పోల్చడానికి మనందరం చెప్పే చిట్కా ఒకటుంది: అంకెలు తక్కువున్న చోట సున్నాలు చేర్చి సమానం చెయ్యి, తర్వాత పోల్చు. 0.5ని 0.50 చేస్తే 35 కన్నా 50 పెద్దది, జవాబు సరే. పరీక్షకు ఇది భేషుగ్గా పనిచేస్తుంది. అయినా నేను దీన్ని కావాలనే పాఠం చివరికి పెట్టాను. ఎందుకంటే ఈ చిట్కా పిల్ల ఆలోచనను ముట్టుకోదు. చుక్కకు కుడివైపు పూర్తి సంఖ్య ఉందన్న నమ్మకం అలాగే ఉంటుంది. పైగా ఇప్పుడు దానికి సరైన జవాబు అనే ముసుగు కూడా వస్తుంది. ఆ ముసుగు తీయడానికి ఒక ప్రశ్న చాలు: 0.35కీ 0.36కీ మధ్య ఏదైనా సంఖ్య ఉందా? చిట్కా మాత్రమే తెలిసిన పిల్ల లేదంటుంది, 35కీ 36కీ మధ్య ఏం లేదు కదా. గుండ్రాలు రాసిన పిల్ల మూడో గుండ్రం వైపు చూస్తుంది.

సున్నా ఎందుకు చేర్చవచ్చో కూడా అప్పుడే తేలిగ్గా చెప్పగలిగాను. 6⓪3① వెనక 0② పెడితే వందో వంతులు ఏమీ లేవని చెప్పినట్టే, పొడవు మారదు. అదే 0ని మధ్యలో పెడితే 6⓪0①3②, మూడు తన గది మారిపోయింది.

ఏం మారింది, ఏం మిగిలింది

పాఠం అయిపోయిన చాలా రోజుల తర్వాత, సెలవులు గడిచాక, సంఖ్యలు మార్చి అదే తరహా చీటీ మళ్లీ ఇచ్చాను. పాఠం అయిన మర్నాడే ఇస్తే జ్ఞాపకమే బయటపడుతుంది కాబట్టి ఆగాను. పెద్ద కట్ట బాగా పలచబడింది. అందులో మిగిలిన ఒకరిద్దరు 4.08 లాంటి చోట, సున్నా మధ్యలో వచ్చినప్పుడే తడబడుతున్నారు. పైసల లెక్కన చూసే పిల్లలు దాదాపు అందరూ మూడో అంకె, నాలుగో అంకె పట్టించుకుంటున్నారు. గుంట 0.025 అన్నది వాళ్లకు బాగా పట్టింది, రెండంకెల దగ్గర ఆగిపోతే గుంటే రాయలేమని ఒకడు కారణం చెప్పాడు. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లలు రన్‌రేట్ లెక్కలు వాళ్లంతట వాళ్లే చేస్తున్నారు. 4.3 ఓవర్లలో 36 పరుగులంటే 4.3తో కాకుండా 4.5తో భాగించాలని, అప్పుడే ఫోన్‌లో చూపించే 8.00 వస్తుందని పట్టుకున్నారు.

చిన్న కట్ట మాత్రం పెద్దగా కదలలేదు. "అంకెలు తక్కువుంటే పెద్దది" అనే పిల్లలకు గుంటల ఉదాహరణ వాళ్ల నమ్మకాన్నే బలపరిచింది. 0.1 కన్నా 0.025 చిన్నది, చూశారా అంకెలు ఎక్కువున్నదే చిన్నది, అని వాళ్లకు అనిపించింది. ఒకరికి మందైనది ఇంకొకరికి పనిచేయకపోవడం ఇక్కడ చాలా స్పష్టంగా కనిపించింది. వీళ్ల దగ్గర భిన్నాల జ్ఞానం ఉంది, సగమే ఉంది. ముక్క చిన్నదవుతుందని తెలుసు, ముక్కలు ఎన్ని అన్నది లెక్కలోకి రావడం లేదు. అందుకని వాళ్లకు విడిగా అవే పైపు ముక్కలతో వేరే జతలు ఇస్తున్నాను: 3/10, 35/100, తర్వాత 0.3, 0.35, తర్వాత 10 గుంటలు, 4 గుంటలు, అంటే 0.25, 0.1. ఈసారి అంకెలు ఎక్కువున్నదే పెద్దది. ముక్కలన్నీ కలిపి ఎంత పొడవని అడుగుతున్నాను. ఒక్కో ముక్క సైజు గురించి అడగడం లేదు. ఇద్దరికి పట్టు దొరికింది. మిగతావాళ్లతో శాతాల పాఠం మొదలయ్యేలోపు ఇది తేల్చాలి. శాతాల్లో 0.3 అంటే 30 శాతం, 0.35 అంటే 35 శాతం అని రాసుకునేటప్పుడు ఇదే చిక్కు మళ్లీ ఎదురవుతుంది.